కనుమకు ఇటు తడి, అటు దుమ్ము

కులూ లోయకూ లాహౌల్‌కూ నడుమ, సుమారు 4,270 మీటర్ల ఎత్తున హంప్తా కనుమ ఉంది. జూలై, ఆగస్టు నెలల్లో రుతుపవన మేఘాలు కులూ వైపు కొండవాలుల్ని రోజుల తరబడి తడిపి, ఈ కనుమ దగ్గరికి వచ్చేసరికి ఖాళీ అయిపోతాయి. అందుకే ఇటు దేవదారులు, పచ్చిక మైదానాలు, అడుగడుగునా సెలయేళ్లు. అటు చెట్టునీడ కరువైన గోధుమరంగు కొండలు, గులకరాళ్లు, దుమ్ము. ఒక్క రోజు నడకలో రెండు వేరువేరు దేశాలు చూసినట్టుంటుందని వెళ్లొచ్చినవాళ్లు చెబుతారు. ఆ దారిన మనుషులతో పాటు టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు, మ్యాట్లు, స్టవ్వులు కూడా ప్రయాణం చేస్తాయి. ఇటు తడి వాటిని కుళ్లబెడుతుంది. అటు ఎండా ఇసుకా వాటిని అరగదీస్తాయి. ఆ కనుమ దాటి వచ్చిన ఓ తెలుగు బృందం ఇప్పటికీ కలిసినప్పుడల్లా మాట్లాడుకునేది ఎక్కువగా ఆ సామాను గురించే.

బృందంలో హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లున్నారు, వరంగల్ నుంచి వచ్చిన బ్యాంకు ఉద్యోగి, ఆయన భార్య ఉన్నారు, గుంటూరులో వైద్యం చదువుతున్న అమ్మాయి ఉంది. వీళ్లందరికంటే పెద్దావిడ రాజమహేంద్రవరంలో ఫిజిక్స్ టీచరుగా చేసి రిటైరైన మనిషి. మిగతావాళ్ల సామానంతా అద్దెది. టీచర్ గారిది మాత్రం సొంత టెంటు, సొంత స్లీపింగ్ బ్యాగు. ఆ టెంటు పాతదే గానీ ఎక్కడా ఒక్క మరక లేదు. జోబ్రాలో జీపులు దిగాక కంచరగాడిదల మీదికి మూటలు ఎక్కిస్తున్న గైడు దాన్ని చేత్తో తడిమి, "మేడంజీ, దీన్ని ఎవరు చూసుకుంటారు?" అని అడిగాడు. తానేనని ఆవిడ చెప్పారు. ఆ తర్వాత ఆ మూటను గాడిద వీపున అన్నిటికంటే పైన, రాళ్లకు ఒరుసుకోని చోట కట్టాడాయన.

జోబ్రా నుంచి చికా వరకు నడక కష్టమైనది కాదు. మేపుల్ చెట్లు, భోజపత్ర వృక్షాలు, వాటి కింద తడి మట్టి వాసన. పక్కనే రాణీనాలా ఏటి హోరు. చికాలో ఏరు దాటగానే రెండు రాతిగోడల నడుమ పచ్చిక పరుచుకుని ఉంటుంది. అక్కడే మొదటి మజిలీ, మొదటి పాఠం కూడా.

గైడు ముందు టెంటు విప్పలేదు. నేల చూశాడు. ఎత్తుపల్లాలు కాలితో తడిమి, పల్లంగా ఉన్న చోటును వదిలేశాడు. వానొస్తే నీళ్లు చేరేది అక్కడికే. మోకాళ్ల మీద కూర్చుని, అరచేత్తో గడ్డి నిమురుతూ మొనదేలిన రాళ్లు ఏరేశాడు. పూర్వం టెంటు చుట్టూ కాలువ తవ్వేవారు. ఆ పద్ధతిని ఇప్పుడు మానేశారు. తవ్విన గాటు వెంటే వాన నీరు మట్టిని కోసుకుపోతుంది, ఆ ఎత్తులో పోయిన పచ్చిక మళ్లీ మొలవడానికి ఏళ్లు పడుతుంది. అలాంటప్పుడు చోటు ఎంచుకోవడమే అసలు పని. తలుపు గాలికి ఎదురుగా ఉండకూడదు. తల పెట్టుకునే వైపు కాస్త ఎత్తుగా ఉండాలి.

రాడ్ల దగ్గర కుర్రాళ్లకు తొందరెక్కువైంది. మడతపడే ఆ అల్యూమినియం రాడ్ల లోపల ఎలాస్టిక్ తాడు ఉంటుంది. ముక్కలన్నీ ఒకదానిలో ఒకటి పూర్తిగా కూర్చోకముందే వంచితే, అతుకు దగ్గర పెదవి చీలిపోతుంది. కూర్చాక గుడ్డ గొట్టంలోకి తోయాలి తప్ప లాగకూడదు. లాగితే ముక్కలు లోపలే ఊడిపోతాయి, ఊడిన కొన గుడ్డను చించుతుంది. తిరిగి మడిచేటప్పుడు చివరి నుంచి కాకుండా మధ్యలోంచి మొదలుపెట్టాలి. అప్పుడు ఎలాస్టిక్ మీద లాగుడు రెండు వైపులా సమంగా పంచుకుంటుంది. గైడు ఇదంతా మాటల్లో చెప్పలేదు. కుర్రాడి చేతుల మీద తన చేతులు పెట్టి చేయించాడు. "వీటిని రేపు ఇంకొకరు వాడాలి కదా భాయ్" అన్నాడు, అంతే.

ఈ గుండ్రటి టెంటు రూపానికి పెద్ద వయసేమీ లేదు. మాటర్‌హార్న్‌ను 1865లో తొలిసారి ఎక్కిన ఎడ్వర్డ్ వింపర్ ఆల్ప్స్ కోసం కుట్టించుకున్న గుడారం బరువైన గుడ్డతో, కర్రలతో, రెండు వాలులుగా ఉండేది. 1970లలో వాస్తుశిల్పి బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ గోపురాల లెక్కను టెంట్లకు అన్వయించడంతో, వంగే సన్నని రాడ్లు ఒకదాన్నొకటి దాటుతూ గాలి బరువును పంచుకునే పద్ధతి వచ్చింది. బలమంతా ఆ వంపులో, బిగువులో ఉంది. అందుకే ఒక్క రాడ్డు వదులైనా, ఒక్క పెగ్గు పైకి లేచినా మొత్తం కట్టడం బలహీనపడుతుంది. పెగ్గును నిటారుగా కాకుండా, తల టెంటుకు దూరంగా వాలేలా దిగ్గొట్టమనేది ఇందుకే. తాడు లాగే కొద్దీ అది నేలను ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

రాత్రి వాన పడింది. తెల్లవారి హైదరాబాద్ కుర్రాళ్లు తమ టెంటు కారిందని ఫిర్యాదు చేశారు. బ్యాగుల పైభాగం తడి, గోడలు తడి. గైడు లోపలికి వంగి చూశాడు. పై పొరకూ లోపలి గుడ్డకూ మధ్య చెయ్యి పోనిచ్చి, చుక్కలు పై పొర లోపలి వైపునే ఉన్నాయని చూపించాడు. అది వాననీరు కాదు. వాళ్ల ఊపిరి. చలికి భయపడి గాలి కిటికీలన్నీ మూసేసుకున్నారు. నిద్రలో ముగ్గురు మనుషులు వదిలిన తేమ చల్లటి గుడ్డకు తగిలి నీళ్లయింది. రెండు పొరల టెంట్లలో ఆ మధ్య ఖాళీ ఉన్నదే ఈ తేమ బయటికి పోవడానికి. నైలాన్ గుడ్డ తడిస్తే సాగుతుంది కూడా. సాయంత్రం బిగించిన పై పొర అర్ధరాత్రికి జారి లోపలి గుడ్డకు అంటుకుంటే ఆ ఖాళీ పోతుంది. పడుకునే ముందు ఒకసారి బయటికొచ్చి తాళ్లు మళ్లీ బిగించాలి. టీచర్ గారి టెంటులో గోడలు పొడిగా ఉన్నాయి. ఆవిడ కిటికీలు తెరిచి, టోపీ పెట్టుకుని పడుకున్నారు.

వాన తగ్గని ఉదయాన టెంటు మడవడం మరో విద్య. పై పొరను పట్టుకుని ఇద్దరు ఎదురెదురుగా నిలబడి దులుపుతారు, గుడ్డతో తుడుస్తారు. తడిసినదాన్ని లోపలి గుడ్డతో కలపకుండా వేరే సంచిలో వేస్తారు. మధ్యాహ్నం కాసేపు ఎండ మొహం చూపించగానే గైడు నడక ఆపించి, ఆ తడి పొరలన్నిటినీ బండల మీద పరిపించాడు. భోజనం ఆలస్యమైనా సరే. గోదావరి జిల్లాల్లో వరి కోతలప్పుడు మబ్బు విడిచిన గంటలోనే రైతులు బరకాలు తిరగేసి ఆరబెట్టుకుంటారు. ధాన్యం కప్పాల్సిన బరకం ముక్కితే ధాన్యమూ ముక్కుతుంది. టీచర్ గారికి ఆ దృశ్యం గుర్తొచ్చింది. ఆ బండల మీద ఆవిడ కూడా గైడుతో కలిసి పొరల అంచులు తిప్పుతూ కూర్చున్నారు.

ఆరబెట్టడం మీద ఇంత పట్టుదల ఎందుకో ఆవిడే వైద్య విద్యార్థినికి వివరించారు. నీళ్లు ఆపడానికి నైలాన్ గుడ్డకు లోపలి వైపు పాలీయూరిథేన్ పూత పూస్తారు. ఆ పూత తేమలో ఉండిపోతే నీటి అణువులు దాని గొలుసులను తెంపుతాయి. కొన్నాళ్లకు అది జిగటగా మారి, పులిసిన వాసన కొడుతూ, పొలుసులుగా ఊడిపోతుంది. ఒకసారి మొదలైతే దాన్ని వెనక్కి తిప్పడం సాధ్యం కాదు. బూజు పట్టడం వేరు, ఇది వేరు. రెండింటికీ కారణం ఒకటే: తడిగా మడిచి మరిచిపోవడం.

వంట గుడారం మాత్రం ఎప్పుడూ వెచ్చగా, మాటలతో నిండి ఉండేది. వంటాయన మాట తక్కువ మనిషి. ఎవరు లోపలికి తొంగిచూసినా ముందు స్టీలు గ్లాసులో అల్లం టీ చేతికిచ్చి, తర్వాతే సంగతేమిటని అడిగేవాడు. పల్లెలో ఎవరింటికి వెళ్లినా ఇదే మర్యాద అని గైడు చెప్పాడు. మనాలీలో బయల్దేరే ముందు తిన్న సిడ్డు, అంటే నెయ్యి పోసుకుని తినే ఆవిరి రొట్టె, పైన దొరకదు. అక్కడ రాజ్మా, అన్నం, రొట్టె, సాయంత్రాలు వేడి సూపు. నాలుగు వేల మీటర్ల ఎత్తున నీళ్లు దాదాపు 87 డిగ్రీలకే మరుగుతాయి. ఎంత మంట పెట్టినా రాజ్మా ఉడకదు, కుక్కరు తప్పనిసరి. కాబట్టి ఆ కుక్కరు గాస్కెట్టే శిబిరం మొత్తంలో విలువైన వస్తువు. వంటాయన రోజూ దాన్ని తీసి, కడిగి, మడత పడకుండా తన చొక్కా లోపల పెట్టుకుని పడుకునేవాడు. చలికి రబ్బరు బిరుసెక్కితే పొద్దున్నే ఆవిరి నిలవదు.

గ్యాస్ సిలిండరును ఆయన నేల మీద పెట్టడు, చెక్క మీద పెడతాడు. బ్యూటేన్ దాదాపు సున్నా డిగ్రీల దగ్గరే ద్రవంగా ఉండిపోతుంది. ప్రొపేన్‌కు ఆ బాధ లేదు, మైనస్ 42 వరకు ఆవిరవుతూనే ఉంటుంది. రెండూ కలిసిన సిలిండరు చలిలో వాడేకొద్దీ ముందు ప్రొపేన్ ఖర్చయి, మంట నీరసిస్తుంది. గడ్డకట్టిన నేలకు తగలకుండా ఉంచితే కొంత మేలు. అంతకు ముందు తరం కిరోసిన్ పంపు స్టవ్వుల మీద బతికింది. 1892లో స్వీడన్‌లో పుట్టిన ప్రైమస్ స్టవ్వు ధ్రువయాత్రికుడు అముండ్‌సెన్‌తో దక్షిణ ధ్రువానికి వెళ్లింది, ఆంధ్ర, తెలంగాణ వంటిళ్లలోకీ వచ్చింది. నాజిల్లో పిన్ను పెట్టి మసి తీయడం తెలిసిన అమ్మలు, అమ్మమ్మలు ఆ సాహసయాత్రికులకు ఏమాత్రం తీసిపోని నిపుణులు. వరంగల్ బ్యాంకు ఉద్యోగి భార్య ఈ మాట అన్నప్పుడు వంటాయన నవ్వి, పెట్టె అడుగు నుంచి తన పాత పిన్ను తీసి చూపించాడు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన కఠినంగా ఉండేవాడు. పడుకునే టెంటులో ఎవరూ స్టవ్వు వెలిగించకూడదు. గుడ్డ అంటుకుంటుందనే భయం ఒకటే కాదు. మూసిన చోట మంట కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగూ వాసనా లేవు. చలికి తలుపు బిగించుకుని స్టవ్వుతో వెచ్చబడాలనుకున్న మనుషులు నిద్రలోనే పోతారు.

ఆవకాయ సంగతి వేరే చెప్పాలి. బృందం మోసుకొచ్చిన డబ్బాల్లో ఒకదాని మూత వదులై, నూనె బ్యాగులోకి, బ్యాగు నుంచి టెంటు నేలకూ దిగింది. నూనె మరకకు దుమ్ము పడుతుంది, పూత దెబ్బతింటుంది, వాసనకు కుక్కలు చుట్టూ తిరుగుతాయి. గోరువెచ్చని నీళ్లలో కాస్త మెత్తటి సబ్బు కలిపి స్పాంజితో అద్దారు. డిటర్జెంటు పొడి వేయనివ్వలేదు, బ్రష్షుతో రుద్దనివ్వలేదు. ఆ రోజు నుంచి తిండి సామానంతా వంట గుడారంలోకి మారింది. రాజ్మాలోకి ఆవకాయ నంజుకోవడం వంటాయనకూ అలవాటైపోయింది.

తర్వాతి మజిలీ బాలూ కా ఘేరా దగ్గర లోయ వెడల్పవుతుంది. రాణీనాలా అక్కడ పాయలుగా చీలి, బూడిదరంగు ఇసుకను మేటలుగా పోసి ఉంచింది. సాయంత్రం గాలి లేచేసరికి ఆ ఇసుక అన్నింటిలోకీ దూరింది. పొద్దున్న ఒక టెంటు జిప్పు సగంలో ఆగిపోయింది. లోపల ఉన్న కుర్రాడు బలంగా గుంజబోతే గైడు బయటి నుంచే వద్దని కేకేశాడు. జిప్పు పాడయ్యేది ఎక్కువగా పళ్ల వల్ల కాదు, వాటిని కలిపే జారుడు ముక్క వల్ల. ఇసుక రేణువులు దాని లోపలి అంచును ఆకురాయిలా అరగదీస్తాయి. అరిగి వెడల్పయ్యాక అది పళ్లను నొక్కలేదు, వెనకే విడిపోతూ వస్తుంది. గైడు జేబులోంచి పాత టూత్‌బ్రష్షు తీశాడు. పళ్ల వెంట రెండు వైపులా తోమి, తడి చేత్తో తుడిచాడు. కదిలింది. నూనె రాస్తే ఇంకా నున్నగా నడుస్తుంది కదా అని ఎవరో అన్నారు. నూనె ఇసుకను పట్టి ఉంచుతుంది, పొడి మైనం ముక్కతో గీస్తే చాలు.

ఇసుకలో పెగ్గులు నిలవవు. అక్కడ వాటిని దిగ్గొట్టడం మానేసి, తాడు చివర పొడుగాటి రాయి కట్టి పాతిపెట్టి, పైన ఇంకో బండ పెట్టారు. బయల్దేరేటప్పుడు ఆ రాళ్లన్నిటినీ మళ్లీ ఏటి ఒడ్డుకు చేర్చారు.

ఆ మేటల ఎగువన గద్దీ కాపరుల మంద ఆగి ఉంది. వేసవిలో గొర్రెలను, మేకలను కనుమలు దాటించి లాహౌల్ పచ్చికలకు తోలుకెళ్లడం వాళ్ల తరతరాల వృత్తి. పెద్దాయన ఒంటిమీద మోకాళ్లు దాటే ఉన్ని చోళా, నడుముకు పొరలు పొరలుగా చుట్టిన నల్లటి ఉన్ని తాడు. దాన్ని డోరా అంటారు. విప్పితే ఎన్నో గజాల పొడవుంటుంది. అది నడుముకు వెచ్చదనం, బరువెత్తేటప్పుడు ఆసరా, అవసరమైతే కట్టుతాడు కూడా. ఆయన పడకకు మూడు వైపులా నడుమెత్తు రాతిగోడ, పైన ప్లాస్టిక్ పట్టా. అంతకుమించి సామాను లేదు. బృందాన్ని చూసి ఆయన లేచి, తాను కూర్చున్న కంబళిని దులిపి తిరగేసి పరిచి, దాని మీద కూర్చోమన్నాడు. మేకపాలు దండిగా పోసిన టీ వచ్చింది. ఆ కంబళి తన తండ్రిదని చెప్పాడు. ఉన్ని తడిసినా పూర్తిగా వేడి పోగొట్టుకోదు, నిప్పురవ్వ పడితే నైలాన్‌లా కరగదు. చలికాలంలో దాన్ని వేపాకు లాంటి చేదాకు పెట్టి మడుస్తామన్నాడు.

ఆ కంబళి మీద కూర్చున్నప్పుడు మాటలు కాస్త సేపు ఆగాయి. అద్దె స్లీపింగ్ బ్యాగులో పడుకున్నవాళ్లందరికీ ఒక అనుభవం ఉంటుంది: మెడ దగ్గర గుడ్డకు ముందు మనిషి తలనూనె వాసన. అప్పుడు చికాకు కలుగుతుంది. తమ తర్వాత అదే బ్యాగులో మరొకరు పడుకుంటారన్న ఆలోచన మాత్రం తక్కువమందికి వస్తుంది. కాపరి కంబళిని తండ్రి దాచి ఇచ్చాడు. అద్దె బ్యాగు ముక్కూమొహం తెలియని మనుషుల మధ్య అలాగే చేతులు మారుతుంది. మధ్యలో దాన్ని విప్పి, ఎండబెట్టి, చిరుగు కుట్టే మనిషి ఎవరో ఉంటారు. సొంత ఇంట్లో పక్కబట్టలు దులిపి మడిచే జనం, డబ్బు కట్టిన వస్తువు దగ్గరికి వచ్చేసరికి ఆ అలవాటును ఇంటి దగ్గరే వదిలేసి రావడం బాధ కలిగించే విషయం. ఆ ఉదయం నుంచి మాత్రం ఈ బృందంలో ఎవరి బ్యాగు వాళ్లే తిరగేసి దులిపి, టెంటు మీద అరగంట ఆరబెట్టాకే సంచిలో కూరారు.

కనుమ ఎక్కడం పొడుగాటి రోజు. కదిలే రాళ్లు, మధ్యమధ్య మిగిలిన మంచు. పైన నిలబడితే ఇంద్రాసన్, దేవ్ టిబ్బా శిఖరాలు కనిపించాయి. రెండూ ఆరు వేల మీటర్లు దాటినవి. వెనక్కి చూస్తే మేఘాలు నింపుకున్న పచ్చటి లోయ, ముందుకు చూస్తే తేమ లేని నీలాకాశం. దిగేటప్పుడు బూట్లకు కట్టుకున్న ఇనుప ముళ్ల గొలుసులను, మంచు దాటగానే విప్పించాడు గైడు. రాళ్ల మీద నడిస్తే మొనలు అరిగిపోతాయి, అరిగిన ముల్లు మళ్లీ మంచు మీద నమ్మకం ఇవ్వదు. తుడవకుండా సంచిలో పడేస్తే తెల్లారేసరికి తుప్పు.

కనుమ దిగాక వచ్చే మజిలీ సియాగోరులో ఆ రాత్రి చలి అందరికీ గుర్తుండిపోయింది. ఏటి మీదుగా, మంచు మీదుగా వచ్చే గాలి. సున్నా డిగ్రీల వరకు పనికొస్తుందని రాసి ఉన్న బ్యాగులో గుంటూరు అమ్మాయి వణికింది, అదే రకం బ్యాగులో పక్కనున్న స్నేహితుడు హాయిగా నిద్రపోయాడు. దీనికి లెక్క ఉంది. ఐరోపా 2002లో తెచ్చిన ప్రమాణం, దాని తర్వాత వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఒక్కో బ్యాగుకు మూడు ఉష్ణోగ్రతలు ఇస్తాయి. మొదటిది సగటు స్త్రీ సుఖంగా నిద్రపోగలిగే హద్దు. రెండోది సగటు పురుషుడు ముడుచుకుని నెట్టుకురాగలిగే హద్దు. మూడోది కేవలం ప్రాణం నిలుపుకునే హద్దు. బ్యాగు మీద పెద్ద అక్షరాల్లో ఉన్నది ఏ అంకె అన్నది చూడకుండా తీసుకుంటే రాత్రి తెల్లారదు.

ఇంకో కారణం నేల. ఒంటి బరువుకు బ్యాగు అడుగున ఉన్న ఈకలో, పీచో అణిగిపోతుంది. అణిగితే అందులో గాలి ఉండదు, గాలి లేకపోతే వెచ్చదనం లేదు. కింది నుంచి చలిని ఆపేది మ్యాటు ఒక్కటే. గైడు తన ఫోము మ్యాటు తెచ్చి ఆమె మ్యాటు కింద వేశాడు. తనకు వంట గుడారంలో బస్తాలున్నాయన్నాడు. మ్యాట్లకు ఆర్ విలువ అని ఒక కొలత ఉంది. ఒకదాని మీద ఒకటి వేస్తే ఆ విలువలు కూడతాయి. వంటాయన సీసాలో వేడినీళ్లు పోసి, మూత బిగించి, మేజోడులో దూర్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టించాడు. టార్చి బ్యాటరీలు, ఫోను కూడా బ్యాగులోనే. చలికి బ్యాటరీ చచ్చినట్టు కనిపిస్తుంది, వెచ్చబడితే లేస్తుంది.

టీచర్ గారి బ్యాగులో అదనంగా ఒక లోపలి సంచి ఉంది. మెత్తబడిన పాత పట్టుచీరతో ఆవిడే కుట్టుకున్నది. చెమట, తలనూనె, కొండదుమ్ము అన్నీ ఆ పట్టుకే అంటుకుంటాయి. ఊరికి వెళ్లాక ఉతికేది దాన్నే, బ్యాగును కాదు. ఈకల బ్యాగును తరచూ ఉతకకూడదు. చర్మపు జిడ్డు ఈకలకు పడితే అవి ఉండలు కట్టి, గాలిని పట్టలేవు. అలాగని ఊరికే ఉతికినా వాటి సహజమైన నూనె పోతుంది. ఎప్పుడో ఒకసారి, ఈకల కోసం చేసిన మెత్తటి సబ్బుతో, పిండకుండా, తిప్పుడు గిర్రలేని మిషన్‌లో ఉతికి, రోజుల తరబడి ఆరబెడుతూ ఉండలు చేత్తో విడదీయాలి.

కొండ మీద సామాను చూసుకునే ఈ విద్యలో తెలుగు పిల్లలు వెనకబడినవాళ్లేమీ కాదు. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పుడు పదమూడేళ్లు. భువనగిరి బండ మీద మొదలైన వాళ్ల శిక్షణ డార్జిలింగ్ దాకా సాగింది. అక్కడున్నలాంటి పర్వతారోహణ సంస్థల్లో కోర్సు మొదటి రోజే సామాను లెక్కపెట్టి చేతికిస్తారు, చివరి రోజున శుభ్రంగా లెక్కపెట్టి తీసుకుంటారు. తాడు తొక్కకూడదన్నది అక్కడ ముందుగా నేర్పే నియమాల్లో ఒకటి. బూటు కింద నలిగిన రేణువు తాడు పోగుల్లోకి దిగి లోపల్నుంచి కోస్తుంది, పైకి ఏమీ కనిపించదు. తెలంగాణ హాస్టలు పిల్లలైనా, మనాలీ పిల్లలైనా ఆ తాడు మీదే ప్రాణం పెడతారు.

ఛత్రూకు దిగే దారిలో మంచునీటి ఏరు ఒకటి దాటాలి. బూట్లు విప్పి, మెడకు తగిలించుకుని, చేతులు పట్టుకుని దాటారు. ఒడ్డున మళ్లీ తొడుక్కుంటుంటే బ్యాంకు ఉద్యోగి కుడి బూటు అడుగు నోరు తెరిచింది. ఆయన ఆ బూట్లు కొని ఎన్నో ఏళ్లయింది, కొత్తగానే ఉన్నాయని బీరువాలోంచి తీసి వేసుకొచ్చారు. టెంటు పూతను పాడుచేసే రసాయన చర్యే ఇక్కడా పనిచేసింది. బూటు మధ్య పొరలోని పాలీయూరిథేన్ గాలిలో తేమకు వాడకపోయినా విరిగిపోతూ ఉంటుంది. ఏళ్ల తరబడి పెట్టెలో ఉన్న కొత్త బూటు కొండ మీద ఒక్కసారిగా పొడిపొడి అవుతుంది. నడిచేవాళ్లు బయల్దేరడానికి నెల ముందే ఊళ్లో వేసుకుని తిరిగి చూసుకోవాలి. గైడు తన నీళ్ల సీసాకు చుట్టి ఉంచుకున్న డక్ట్ టేపు విప్పి, బూటును అడ్డంగా నిలువుగా కట్టాడు. అది ఛత్రూ దాకా నిలిచింది.

అక్కడి నుంచి జీపుల్లో చంద్రతాల్ సరస్సుకు. చంద్రా నది లోయ పొడవునా ఒక్క చెట్టు కనిపించదు. రంగులన్నీ రాళ్లవే. 4,300 మీటర్ల దగ్గర ఆ నీలపు సరస్సు ఒడ్డున మాట్లాడాలనిపించదు. 2005లో దానికి రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది. ఒడ్డున గుడారాలు వేయనివ్వరు, శిబిరాలన్నీ దూరంగా ఉంటాయి, చివరి దారి నడవాల్సిందే. ఆ నియమం ఉన్నందుకే నీళ్లు అలా ఉన్నాయి. పొరుగున ఉత్తరాఖండ్‌లో హైకోర్టు 2018లో బుగ్యాళ్లనే ఎత్తైన పచ్చికల మీద రాత్రి బసను నిషేధించింది. అంతకు ముందు ఆ పచ్చికల మీద టెంట్లు ఒకే చోట నెలల తరబడి పాతుకుపోయి, కింద గడ్డి చచ్చి, మట్టి జారిపోతుండేది. టెంటును రోజూ కదిలించడం నేలకు మేలు, గుడ్డకూ మేలే.

ఎందుకంటే ఈ వైపు గుడ్డకు శత్రువు ఎండ. వెయ్యి మీటర్లు ఎక్కేకొద్దీ అతినీలలోహిత కిరణాలు సుమారు పది శాతం చొప్పున పెరుగుతాయి. చంద్రతాల్ శిబిరంలో సీజన్ అంతా నిలబడిన ఓ టెంటు పై పొరను గైడు చూపించాడు. నారింజ రంగు వెలిసి, గోటితో గీస్తే చిరిగేంత పెళుసుగా ఉంది. చిన్న టెంట్లను పొద్దున్నే దించేయడం, మధ్యాహ్నపు ఎండలో నిలబెట్టకపోవడం వాటి ఆయుష్షును ఏళ్లు పెంచుతుంది. ఆ టెంట్ల అవసరం ఎంతటిదో 2023 జూలైలో తెలిసొచ్చింది. అకాల మంచు, కొండచరియలతో దారులు మూసుకుపోయి, వందల మంది పర్యాటకులు రోజుల తరబడి చంద్రతాల్ శిబిరాల్లోనే ఉండిపోయారు. వాళ్లకు ఇల్లూ గోడా ఆ గుడ్డే.

మనాలీ చేరాక అందరూ వేడినీళ్ల స్నానాలకు పరుగెత్తితే, టీచర్ గారు, గుంటూరు అమ్మాయి గైడు వెంట సామాను గోదాముకు వెళ్లారు. మేడ మీద తాళ్లకు స్లీపింగ్ బ్యాగులు తిరగేసి వేలాడుతున్నాయి. ఇద్దరు ఆడవాళ్లు కింద కూర్చుని టెంటు చిరుగులకు గుడ్డ అతికి, కుట్లకు సీలెంటు రాస్తున్నారు. ఒకాయన రాడ్లు ఒక్కొక్కటీ కూర్చి, చీలిక కోసం వేలితో తడిమి చూస్తున్నాడు. పెగ్గులు లెక్కపెట్టి సంచుల్లో వేస్తున్నారు. మర్నాడు మరో బృందం బయల్దేరుతుంది, వాన అప్పుడే మొదలైంది, ఆరనివాటిని ఎక్కడ పరచాలా అని వాళ్ల బెంగ. టీచర్ గారు చీర కొంగు దోపుకుని, ఇసుక పట్టిన జిప్పులు తోమడానికి కూర్చున్నారు. "ఆంటీజీ, మీరెందుకు" అన్నవాళ్లే కాసేపటికి పక్కన పీట వేసి, టీ పెట్టారు.

ఇంటికొచ్చాక అసలు పరీక్ష గోదావరి గాలితో. రాజమహేంద్రవరం, విశాఖ లాంటి చోట్ల వర్షాకాలమంతా గాలిలో తేమే. కొండల్లో పొడిగా ఉన్న టెంటు అటక మీద బూజు పడుతుంది. టీచర్ గారు టెంటును పక్క గదిలో ఫ్యాను కింద రెండు రోజులు విప్పి ఉంచుతారు, నీడలోనే, ఎండలో కాదు. బిగుతు సంచిలో కుక్కి పెట్టరు. పెద్ద నూలు సంచిలో వదులుగా వేసి, ప్రతిసారీ కొత్త మడతలు వచ్చేలా పెడతారు. ఒకే గీత మీద మడిస్తే పూత అక్కడే పగులుతుంది. స్లీపింగ్ బ్యాగు బీరువాలో హ్యాంగరుకు వేలాడుతుంది. నొక్కి ఉంచితే ఈకలు విచ్చుకోవడం మరిచిపోతాయి. మ్యాటు మంచం కింద పరిచి ఉంటుంది, గాలి మూత తెరిచి. టార్చిలో బ్యాటరీలు తీసి పక్కన పెడతారు, కారితే లోపలి రేకులు పోతాయి కాబట్టి. నెలకోసారి అన్నీ తీసి గాలికి పెట్టడం ఆవిడ క్యాలెండరులో రాసి ఉంటుంది.

ఈ మధ్య ఆవిడ పాత విద్యార్థులు కొందరు డిసెంబరులో లంబసింగి వెళ్తామని టెంటు అడగడానికి వచ్చారు. చింతపల్లి మండలంలోని ఆ ఊళ్లో చలికాలపు తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా పడిపోతుంటుంది. హిమాలయమంత ఎత్తు లేదు గానీ పొగమంచు, దట్టమైన మంచుబిందువులు టెంటును చికా వానలాగే తడుపుతాయి. ఆవిడ టెంటు ఇచ్చేముందు పిల్లల చేత పెరట్లో రెండుసార్లు వేయించి, మడిపించారు. రాడ్లు మధ్యలోంచి విప్పడం ఒకమ్మాయి వెంటనే పట్టేసింది. పెగ్గులు లెక్కపెట్టి, సంఖ్యను సంచి మీదే స్కెచ్ పెన్నుతో రాయించారు. కాఫీ తోటల్లో ఎవరి నేలలో వేస్తారో వాళ్లను ముందు అడగమన్నారు. తడిసిన టెంటును బస్సు డిక్కీలో మూటకట్టి వదిలేయకుండా, దిగిన రోజే తనింటికి తెమ్మన్నారు. ఫ్యాను కింద పరవడానికి పక్క గది ఖాళీగా ఉంచుతానని కూడా చెప్పారు.